నలుగురి నడుమ పేరు

తాండూరులో కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద ఆయన పేరులో ఒక ఒత్తు తప్పు పడింది. ఎవరో దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. సాయంత్రం రైల్లో శంకర్‌పల్లి దాటాక చూశాను. మనిషి పోయాడన్న సంగతి కంటే ముందు నాకు ఆ ఒత్తే కనిపించింది. ఆయన పక్కన కూర్చుని పనిచేసినవాళ్ళు ఎవరికైనా అంతే. ఏడుపు రాలేదు. రోజంతా తెర చూసీ చూసీ కళ్ళు మండుతున్నాయి. కిటికీ చువ్వలకు తల ఆనించి, వికారాబాద్ వచ్చేదాకా ఆయన్నే తలుచుకుంటూ కూర్చున్నాను.

ఆయన దయ్యాల సినిమాలకు టైటిల్స్ చేసేవారు. సినిమా మొదట్లో నల్లటి తెర మీద ఒక్కొక్కటిగా పేర్లు పడతాయే, అవి. నేను ఎడిటర్ని. హైదరాబాద్‌లో ఒక ఇరుకు గదిలో పక్కపక్క కంప్యూటర్ల ముందు కొన్నేళ్ళు కలిసి పనిచేశాం. నాది వికారాబాద్, ఆయనది తాండూరు. ఒకే రైల్లో పోయి ఒకే రైల్లో వచ్చేవాళ్ళం. నేను దిగిపోయాక ఆయన ఇంకా ముందుకు పోవాలి. నేను దిగేటప్పటికి చాలాసార్లు నోరు కాస్త తెరుచుకుని నిద్రలో ఉండేవారు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఇంట్లోవాళ్ళను అడగలేదు. అడగకుండా ఎవరి పేరూ వాడకూడదన్నది ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ముందుగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఆయనకు దయ్యాలంటే విపరీతమైన భయం. తను టైటిల్స్ చేసిన ఏ సినిమానూ దర్శకుడి పేరు దాటి చూడలేదు. ప్రివ్యూ వేస్తే అందరికంటే ముందు వచ్చి కూర్చునేవారు. పేర్లన్నీ కళ్ళార్పకుండా చూసేవారు. చివరిగా దర్శకుడి పేరు పడి మాయం కాగానే సంచీ భుజాన వేసుకుని, వంగి వంగి నడుస్తూ బయటికి వెళ్ళిపోయేవారు. కొత్త దర్శకులు మొదట్లో నొచ్చుకునేవారు. తర్వాత సంగతి తెలిసి నవ్వుకునేవారు.

"ఇంత భయం పెట్టుకుని ఈ పని ఎందుకన్నా?" అని ఒకసారి అడిగాను.

"భయమున్నోడే జెయ్యాలె చెల్లె. లేనోనికి ఏడ గుండె జల్లుమంటదో ఎట్ల ఎరుకైతది?" అన్నారు. ఉప్పు బిస్కెట్టు చాయ్‌లో ముంచి, అది విరిగి పడకముందే నోట్లో వేసుకున్నారు.

పేరు ఎక్కడ కనిపించినా చదవాల్సిందే. పెళ్ళిపత్రిక చేతికిస్తే పెళ్ళికూతురి పేరు దగ్గర ఆగరు. అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ప్రింటింగ్ ప్రెస్ పేరు దాకా పోతారు. వికారాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలుకు భోజనానికి పిలిస్తే, పైన తిరిగే ఫ్యాను రెక్కల మీద దాత పేరేదో ఉందని కనిపెట్టారు. తిరుగుతుంటే కుదరక, ఫ్యాను ఆపించి చదివి, మళ్ళీ వేయించారు. కింద ఉక్కపోతకు తింటున్నవాళ్ళు తిట్టుకున్నారు. ఆయనకు అది వినబడలేదు. ఊరికే కూర్చున్నా కుడిచేతి చూపుడువేలు తొడ మీద అక్షరాలు దిద్దుతూనే ఉండేది. ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు ఆ వేలు ఆగిందంటే, అవతలి మనిషి చెప్పినది ఆయనకు నచ్చలేదని అర్థం.

పెళ్ళి సినిమాలో పేర్లు పడుతుంటే జనం సీట్లు వెతుక్కుంటారు. దయ్యం సినిమాలో అలా కాదని ఆయన చెప్పేవారు. అక్కడ మొదటి అక్షరం నుంచే జనం కాపలా కాస్తుంటారు. "కని కన్ను సదివేటప్పుడు కాపలా కాయదు చెల్లె. పేరు నడుమ ఏసి, మూలకు ఏదన్న జర కదిలియ్యాలె. సూసిండో లేదో ఆనికే సమజ్ కావద్దు." ఒకసారి హీరోయిన్ పేరులోని తలకట్లన్నీ తీసేసి వట్టి అక్షరాలు వేశారు. ఏదో లోపం ఉందని కంటికి తెలుస్తుంది, ఏమిటో తెలియదు. అంతలో ఒక్కొక్క తలకట్టూ పైనుంచి మెల్లగా దిగి తన అక్షరం మీద వాలుతుంది. చూస్తుంటే వీపు మీద చీమ పాకినట్టయింది నాకు. అక్షరాల నుంచి నెత్తురు కార్చమని ప్రతి నిర్మాతా అడిగేవాడు. "నెత్తురు కారితే భయపడరు సార్, తుడువబుద్ధయితది" అనేవారు ఈయన.

అన్నిటికంటే ఎక్కువగా నమ్ముకున్నది ఖాళీని. పేర్లు ఒకే లయలో వేసుకుంటూ పోయి, పేరు పడాల్సిన చోట ఏమీ వేయకుండా వదిలేసేవారు. నల్లటి తెర, సద్దు లేదు. ఆ కాస్తసేపట్లో హాలు మొత్తం ఊపిరి బిగబట్టేది. "రావాల్సినోడు రాకుంటే ఉన్న భయం ఇంకేటికి లేదు" అనేవారు.

ఇదంతా వింటే ఏదో కళాకారుడి జీవితం అనిపిస్తుంది. నిజానికి రోజులో ఎక్కువ భాగం ఫోన్లకే పోయేది. హీరో పేరు పెద్దదిగా ఉంది, నా పేరు చిన్నదిగా ఉంది. ఆమె పేరు నాకంటే ముందెందుకు? సంఖ్యాశాస్త్రం వాడు చెప్పాడు, ఇంకో అక్షరం కలపండి. అన్నిటికీ "అట్లనే సార్" అనేవారు. ఓటీటీలు వచ్చాక, పేర్లు మొదలవగానే వాటిని దాటేసే మీట ఒకటి తెర మూలన కనిపించసాగింది. అది మొదటిసారి నా ఫోన్లో చూపిస్తే చాలాసేపు చూసి, "మంచిదే. జల్ది ఇంటికి పోవచ్చు" అన్నారు. ఆ మాటలో వెటకారం లేదు, వట్టి అలసటే. చివరి సంవత్సరాల్లో హైదరాబాద్ రావడం మానేసి, తాండూరులోనే పెళ్ళి వీడియోలకు పేర్లు వేసేవారట.

అసలు చెప్పాలనుకున్నది వేరే.

వికారాబాద్ గుట్టల్లో ఒక చిన్న దయ్యం సినిమా తీశారు. నిర్మాత భూముల వ్యాపారంలోంచి వచ్చిన మనిషి, వేళ్ళ నిండా జాతకరాళ్ళ ఉంగరాలు. షూటింగులో ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ, ముందురోజు చెట్టు మీద కట్టిన లైటును విప్పబోయి లైట్‌మన్ ఒకతను కాలు జారి కింది బండల మీద పడ్డాడు. ఆస్పత్రికి చేరకముందే ప్రాణం పోయింది. పెద్దేముల్ దగ్గర పల్లె అతనిది. పొలం పనుల మధ్య దొరికినప్పుడల్లా సినిమా పనికి వచ్చేవాడు. మేమిద్దరం అప్పుడు హైదరాబాద్ గదిలో ఉన్నాం. వార్త ఫోన్లో వచ్చింది. ఆ రోజు ఇక పని చేయలేకపోయాం.

సినిమా పూర్తయ్యాక నిర్మాత మా గదికి వచ్చాడు.

"మొదట్లోనే అతని ఫొటో వేద్దాం. కింద పేరు. ఈ సినిమా తీస్తూ ప్రాణాలు పోగొట్టుకున్న మనిషి అని రాద్దాం. జనం అయ్యో అనుకుంటూ చూస్తుంటారా, అప్పుడు ఫొటోలో కళ్ళు మెల్లగా తెరుచుకోవాలి. హాలు హాలంతా అరవాలి" అన్నాడు. "నిజం చావండీ. ఎంత ఖర్చు పెట్టినా దొరకదు ఇలాంటిది."

తొడ మీది వేలు ఆగిపోయింది.

"ఇంటోళ్ళను అడగాలె సార్" అన్నారాయన.

"అడగడానికేముంది? వాళ్ళకు ఇవ్వాల్సింది ఇచ్చాం."

"వాళ్ళు పేరు ఇయ్యలే గద సార్" అన్నారు ఆయన. గొంతు మామూలుగానే ఉంది. నిర్మాత ఆ మాట పట్టించుకోకుండా, వారంలో కావాలని చెప్పి వెళ్ళాడు.

ఆ ఆదివారం ఇద్దరం తాండూరులో కలిసి, పెద్దేముల్ వైపు పోయే షేర్ ఆటో ఎక్కాం. "ఆడమనిషితోటి మాట్లాడాలె. నువ్వు పక్కకుంటే జర ధైర్యం" అని నన్ను రమ్మన్నారు. ఇల్లు దొరకడం కష్టం కాలేదు. ఊళ్ళో ఎవరిని అడిగినా చెట్టు మీంచి పడినాయన ఇల్లా అని చూపించారు. గోడకు చర్చివాళ్ళిచ్చిన క్యాలెండర్ వేలాడుతోంది. అతని భార్య అప్పుడే ప్రార్థన నుంచి వచ్చి, వాకిట్లో కూర్చుని చాటలో కందులు చెరుగుతోంది. ఇంటర్ చదివే కూతురు మాకు నీళ్ళిచ్చి గడపలో నిలబడింది.

"సినిమల ఆయన పేరు ఏస్తరా సారూ?" అని అడిగిందామె, చాట ఆపకుండానే.

అబద్ధం చెప్పడం ఆయనకు సులువే. బాగా వేస్తామమ్మా అని చెప్పి రావచ్చు. ఆయన మట్టి అరుగు మీద ముందుకు జరిగి కూర్చున్నారు.

"ఏస్తరమ్మా. కని ఎట్ల ఏస్తరో నీకు చెప్పాలె. అది దయ్యం సినిమ. ఆయన ఫోటో పెడ్తరంట. ఫోటోల కండ్లు తెరుస్తయంట. జనం మొత్తుకోవాలెనని."

చాట ఆగింది.

"ఆయన్ను జూసి మొత్తుకోవాల్నా?"

"అవునమ్మా. వాళ్ళు గట్లనే అంటున్నరు."

ఆమె కాసేపు కందుల్లో వేలితో రాళ్ళు ఏరుతున్నట్టు ఉండిపోయింది. ఏరడానికి అక్కడ రాళ్ళు లేవు.

"పనికాడికెంచి పొద్దుగూకినంక వస్తే, వాకిట్లకెంచే 'నేనే, నేనే' అనుకుంట వచ్చెటోడు సారూ. తలుపు సప్పుడైతే నేను బెదుర్తనని. గసుంటి మనిషి మొఖం జూసి జనం బెదరాల్నా?"

నాకు అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోవాలనిపించింది. ఆయన కదలలేదు.

"మరి పేరు గూడ ఒద్దంటవా తల్లీ? ఒద్దంటే తీసేపిస్త."

"పేరు ఉండాలె" అంది గడపలోంచి కూతురు.

తల్లి వెనక్కి తిరిగి ఆ పిల్లను చూసింది. తర్వాత ఈయన వైపు తిరిగింది. "ఏస్తే ఏయుండ్రి అన్నా. ఫోటో ఒద్దు. ఆ పేరు పడ్డప్పుడు ఎవ్వరు బెదరొద్దు. గంతే."

సారూ నుంచి అన్నా దాకా ఎప్పుడు వచ్చిందో నేను గమనించలేదు. తిరిగి వస్తుంటే ఆటోలో ఆయన వేలు తొడ మీద ఒకే పేరును మళ్ళీ మళ్ళీ దిద్దింది. చివరికి, "గంతే అంట. బెదిరిచ్చుడు తప్ప నాకు ఇంకేం రాదు చెల్లె" అన్నారు.

అది ఉత్త మాట కాదు. తర్వాతి రోజుల్లో నా కళ్ళముందే చూశాను. మొదట మామూలు తెల్ల అక్షరాల్లో, ఏ శబ్దమూ లేకుండా ఆ పేరు వేశారు. పక్క గదిలో డబ్బింగ్ చెప్పే అమ్మాయిని పిలిచి చూపించాం. పేరు పడగానే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. "ఏమైంది?" అంటే, "ఇంత నిశ్శబ్దంగా ఉందేంటి, ఇప్పుడేదో వస్తుందనుకున్నా" అంది. నెమ్మదైన సంగీతం పెడితే ఇంకా హడలిపోయింది. అన్నిటికంటే ముందు, సినిమా మొదలవకముందే వేద్దామా అన్నాను నేను. "అప్పుడు ఇది అసలు కథ అనుకుంటరు. ఇంకెక్కువ భయపడ్తరు" అన్నారు. దయ్యం సినిమాలో ప్రతి మెత్తటి వస్తువూ మోసమే అని జనానికి నేర్పింది తనలాంటివాళ్ళే. ఇప్పుడు మెత్తగా ఒక మాట చెప్పాలంటే దారి లేదు. నిర్మాత రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఈయన తిండి తగ్గింది. రైల్లో నిద్ర కూడా పోవడం లేదు.

ఒక సాయంత్రం రైలు కిటకిటలాడుతోంది. నిలబడ్డవాళ్ళు నిలబడే తూగుతున్నారు. ఎవరి తల ఎవరి భుజం మీద వాలిందో తెలియదు. ఒక ముసలామె మా ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని పల్లీలు వొలుచుకు తింటోంది. ఆయన అదంతా చూసి, ఉన్నట్టుండి నవ్వారు.

"గీ డబ్బల దయ్యం ఎక్కిందనుకో చెల్లె. ఎవడన్న భయపడ్తడా? జాగ లేదు, ఎనక్కి పో అంటరు."

నేనూ నవ్వాను. ఆయన నవ్వు ఆపేశారు.

"ఒక్కని పేరు ఒక్కటే ఏస్తున్న నేను. గదే తప్పు. ఒక్కడుంటెనే భయం. నలుగురి నడుమ ఉంటే ఏం భయం?"

మర్నాడు మేనేజరును పట్టుకుని ఆ షూటింగులో పనిచేసిన వాళ్ళందరి పేర్లూ రాయించుకున్నారు. లైట్లవాళ్ళు, జనరేటరు నడిపినతను, వంటవాళ్ళు, గుట్ట మీదికి సామాన్లు చేరవేసిన ఆటోవాళ్ళు. మామూలుగా వీళ్ళ పేర్లు ఏ సినిమాలోనూ పడవు. అందరివీ ఒకే కార్డులో, అంటే తెర మీద ఒకేసారి కనిపించేలా, ఒకే సైజులో, దగ్గర దగ్గరగా పేర్చారు. వాళ్ళ నడుమ అతని పేరు. ముందు కీర్తిశేషులు అని లేదు, చుట్టూ గీత లేదు. వెనక వంట సామాన్ల చప్పుడు, ఎవరో ఎవరినో పిలుస్తున్న కేక పెట్టించారు. డబ్బింగ్ అమ్మాయి చూసి, "ఇది మామూలు కార్డే కదా, ఏం చూడాలి?" అంది. ఆయన ఆ రోజు రెండు చాయ్‌లు తాగారు.

ఇక నిర్మాత మిగిలాడు. వచ్చి చూసి, "నా ఫొటో ఏదీ? కళ్ళేవీ?" అన్నాడు.

"పెడ్త సార్. పెట్టేది ఎంతసేపు" అన్నారీయన. కుర్చీ నిర్మాత దగ్గరికి జరిపి, గొంతు బాగా తగ్గించారు. "కని దాని ఎన్కనే పడేది మీ పేరు సార్. నిర్మాత పేరు."

నిర్మాత తెర వైపు తిరిగాడు.

"పోయినాయన కండ్లు తెరుస్తడు. జనం మొత్తుకుంటరు." ఇక్కడ ఆగారు. తెర మీద ఎంతసేపు ఖాళీ వదులుతారో సరిగ్గా అంతసేపు ఆగారు. "గా మొత్తుకునుట్లనే, గా మొఖం మీంచే మీ పేరు లేస్తది. ఏ ఊర్ల ఆడినా, ఆడినన్ని రోజులు."

నిర్మాత తన ఉంగరాలను ఒకసారి తడుముకున్నాడు. "జాగా మార్చు."

"ఏడికి మార్చాలె సార్? హీరోగారి పేరు ముందటికా?"

"వాళ్ళమ్మ నన్ను బతకనివ్వదు" అన్నాడు నిర్మాత. లేచి నిలబడ్డాడు. "తీసెయ్. ఫొటో వద్దు, ఏమీ వద్దు. ఇందాక చూపించావే, అదే ఉంచు."

నిర్మాత వెళ్ళాక చూస్తే, ఈయన చొక్కా వీపంతా చెమటతో తడిసి ఉంది. భయపెట్టే పని చేసిన మనిషిలా లేరు. తనే దయ్యాన్ని చూసి వచ్చినట్టున్నారు.

మోసపోయానని నిర్మాతకు ఇంటికెళ్ళాక తోచినట్టుంది. విడుదలకు ముందు మేనేజరు ఫోన్ చేశాడు. నిడివి ఎక్కువైందని, టైటిల్స్ ఎవరు చేశారో చెప్పే కార్డు తీసేయమన్నారని. అంటే ఈయన పేరు. ఎడిటర్ని నేను కాబట్టి అది నా చేతి పని. నేను మౌస్ మీద చేయి పెట్టి అలాగే కూర్చున్నాను.

"నువ్వు తియ్యకు చెల్లె. నేను తీస్త. ఏడ కోస్తే నొప్పి కాదో నాకెరుక" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ముందు పేరుకూ వెనక పేరుకూ మధ్య లయ తప్పకుండా సర్దారు. తర్వాత సంచీ తీసుకుని, ఎప్పుడూ పోయే రైలు కంటే ముందు రైలుకు వెళ్ళిపోయారు. ఆ నిర్మాత గానీ, అతను ఎరిగినవాళ్ళు గానీ మళ్ళీ ఈయనను పనికి పిలవలేదు.

సినిమా తాండూరులో పడింది. ఉదయం ఆటకు తల్లినీ కూతురినీ తీసుకుని వెళ్ళాం. హాల్లో జనం పలచగా ఉన్నారు. ఆమె థియేటరుకు వచ్చి చాలా ఏళ్ళయిందట, ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చుంది. తెర నల్లబడింది. తలకట్లు లేని హీరోయిన్ పేరు వచ్చింది, తలకట్లు దిగాయి. వెనకెవరో అమ్మాయి చిన్నగా కెవ్వుమంది. ఆయన కళ్ళు సగం మూసుకున్నారు.

తర్వాత ఆ కార్డు వచ్చింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఫోన్ లైటు వేసుకుని సీట్లు వెతుకుతున్నారు. ఎవరో చిప్స్ పొట్లం చించారు. ఎవ్వరూ బెదరలేదు. ఎవ్వరూ సరిగా చూడను కూడా లేదు. తల్లికి చదువు రాదు. కూతురు ఆమె చెవి దగ్గరకు వంగి మొదటి పేరు నుంచి చదవడం మొదలుపెట్టింది. తండ్రి పేరు దగ్గర గొంతు ఆగింది, మళ్ళీ అందుకుని చివరి ఆటో డ్రైవరు దాకా చదివింది. మెల్లగా చదివినా అందేటంతసేపు ఆ కార్డు తెర మీద ఉంది.

దర్శకుడి పేరు పడగానే ఈయన లేచారు. ఆమె కూడా లేచింది. కూతురికి చూడాలని ఉన్నట్టుంది గానీ తల్లి వెంట వచ్చేసింది. బయట ఎండ కళ్ళలో గుచ్చుకుంది. థియేటరు గోడ పక్కన బల్ల మీద కూర్చుని నాలుగు చాయ్‌లు చెప్పాం.

ఆమె గ్లాసు పట్టుకుని చాలాసేపు తాగలేదు.

"గిందరున్నరా అన్నా ఆయనతోటి?" అంది. "అడవిల ఒక్కడే పడ్డడనుకున్న ఇన్ని దినాలు."

ఆయన ముఖం కాస్త తేరుకున్నట్టు కనిపించింది. అవునమ్మా అనబోయారు. అంతలో ఆమె మళ్ళీ అంది, ఎవరినీ చూడకుండా.

"గిందరుండంగనే పడ్డడా మరి?"

రోడ్డు మీద బండరాళ్ళ లారీ ఒకటి పోతోంది. నేను ఏదో సర్దిచెప్పాలని మాట కోసం వెతుకుతున్నాను. ఆయన తల వంచుకుని అన్నారు.

"అందరముండి పట్టుకోకపోతిమి తల్లీ."

ఆయన ఆ రోజు అక్కడ లేరు. ఆ సంగతి నాకు తెలుసు. మొదటి రోజు మాటల్లో చెప్పాం కాబట్టి ఆమెకూ తెలుసు. ఆమె ఆయన వైపు తిరిగి, తలవంచుకున్న ఆ మనిషిని కాసేపు చూసింది. తర్వాత బల్ల మీద ముట్టకుండా ఉన్న ఆయన గ్లాసును ఆయన చేతి దగ్గరికి జరిపింది.

"తాగు అన్నా. సల్లగైతది" అంది.